సైప్రస్ తైలం, ఎడమ పాదం

ఊటీ కొండలు,
12 జూన్ 2023

తమ్ముడు అంతోనికీ, మరదలు శాలినికీ నా ప్రేమ, దీవెనలు.

మే నెల ఉత్తరం అందింది. ఫోనులో మాట్లాడవచ్చు కదా అని మళ్ళీ రాశావు. మాది గడప దాటని మఠం అని ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నాను. నెలకు ఒక ఉత్తరం, చావు కబురుకు ఫోను. అంతే మాకున్నది. దీనికి నువ్వింకా అలవాటు పడలేదు, నేను పడ్డాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆటోనగర్‌లో ఇనుము చెక్కే లేతు మిషను ముందు పదేసి గంటలు నిలబడేసరికి సాయంత్రానికి పాదాలు ఉబ్బుతున్నాయనీ, నడుస్తుంటే చెప్పు ఊడిపోయినా తెలియడం లేదనీ రాశావు. నిలబడి నిలబడి నెత్తురు కిందనే ఆగిపోయి తిమ్మిరెక్కుతున్నట్టుంది. దీనికి నా దగ్గర ఒకటి ఉంది.

ఈస్టర్ తర్వాత నన్ను వంటింటి నుంచి తైలం షెడ్డుకు మార్చారు. ఇక్కడ సైప్రస్ అనే చెట్లున్నాయి. దూరం నుంచి చూస్తే మన బందరు ఒడ్డున ఉండే సరుగుడు అనిపిస్తుంది. దగ్గరికి వెళితే కాదు. ఆకు చేప పొలుసులా చిన్నచిన్నగా కొమ్మను అంటుకుని ఉంటుంది. చెట్టు నిటారుగా, మొన తేలి పెరుగుతుంది. మొదట్లో ఫ్రాన్సు నుంచి వచ్చిన సిస్టర్లు విత్తనాలు వెంట తెచ్చుకుని మా సమాధుల తోట చుట్టూ నాటారట. వాళ్ళ దేశాల్లో సమాధుల దగ్గర ఈ చెట్టే వేస్తారు. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, మొదలంటా నరికితే మళ్ళీ చిగురించదు. నాటిన ఆ సిస్టర్లందరూ ఇప్పుడు వాటి కిందనే ఉన్నారు.

ఆ రెమ్మలు కత్తిరించి, ఒక రోజు ఆరనిచ్చి, పెద్ద రాగి డేగిసాలో కుక్కి అడుగు నుంచి ఆవిరి పంపుతాం. ఆవిరి చన్నీళ్ళ తొట్టిలోని గొట్టం గుండా వచ్చి చల్లారితే నీళ్ళ మీద నూనె తేలుతుంది. వంద కేజీల రెమ్మకు అర కేజీ వస్తే ఆ రోజు మదర్ నవ్వుతారు. వాసన అప్పుడే రంపం పెట్టిన చెక్కలా ఉంటుంది, వెనక కొంచెం కర్పూరం.

వాచిన కాళ్ళకు, నరాలు ఉబ్బి తేలిన పిక్కలకు, చెమట వాసన వేసే పాదాలకు దీన్ని వాడతారు. దగ్గు పట్టేస్తే వేణ్ణీళ్ళలో వేసి ఆవిరి పీలుస్తారు. రెండు సీసాలు పంపుతున్నాను. చెంచాడు కొబ్బరినూనెలో మూడు చుక్కలు, అంతకు మించి వద్దు. పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక శాలిని చేత పాదం నుంచి మోకాలి వైపు పైకి రాయించుకో. పుండు మీద పూయకు. లోపలికి తాగకు.

ఇక్కడ వాన మొదలైంది. రెమ్మ తడిస్తే పని ఆగిపోతుంది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

మీ ఇద్దరి కోసం రోజూ జపించే
అమల


కంకిపాడు,
3 జూలై 2023

అక్కకు స్తోత్రము. ఇక్కడ అందరం క్షేమం.

పార్సిల్ అందింది. సీసాలు పగల్లేదు. శాలిని వాటిని మరియమ్మ పటం దగ్గర, గుణదల తిరునాళ్ళలో తెచ్చిన కొవ్వొత్తి పక్కన పెట్టింది. నీ ఉత్తరం మన చర్చి ఉపదేశి ఫిలిప్ గారికి కూడా చదివి వినిపించాను. సమాధుల సంగతి విని ఆయన సిలువ గుర్తు వేసుకున్నారు. అంత భాగ్యం ఎందరికి దొరుకుతుంది అన్నారు.

నూనె రోజూ వాడుతున్నాం. సాయంత్రం ప్రార్థన అవగానే శాలిని తీస్తుంది. ఇల్లంతా వాసన.

పని మామూలే. ఓనరు బసవపున్నయ్య గారు కొత్త లేతు ఒకటి తెచ్చారు, కానీ నా చెయ్యి పాతదాని మీదే పోతుంది. మొన్న వేడి ఇనప తురుము చెప్పులో పడింది. ఇంటికొచ్చి చూస్తే ఎడమ బొటనవేలి కింద కాలి ఉంది. నాకు తెలియనే లేదు. చిన్నదే.

ఇంతే సంగతులు.

నీ తమ్ముడు
అంతోని


ఊటీ కొండలు,
5 ఆగస్టు 2023

ప్రియమైన అంతోనికి,

రోజూ వాడుతున్నారని చదివి సంతోషించాను. కాలినచోట మాత్రం తగలనివ్వకు. నూనె ఘాటు, మండుతుంది.

నాకు ఒక పని పడింది. మా గేటు పక్కన చిన్న దుకాణం ఉంది. జామ్ సీసాలూ, కొవ్వొత్తులూ, ఈ తైలమూ అక్కడే అమ్ముతారు. మన వైపు నుంచి ఊటీ చూడ్డానికి బస్సుల్లో వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. తెలుగులో ఒక కాగితం రాయమని మదర్ నాకు చెప్పారు. సీసాతో పాటు ఇచ్చేది. ఈ చెట్టు ఎక్కడిది, దేనికి వాడతారు అని.

పుస్తకాలు తిరగేస్తున్నాను. మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాల్లో వేల ఏళ్ళుగా దీన్ని ఎరుగుదురట. చెక్కకు పురుగు పట్టదని గుడి తలుపులు, బట్టల పెట్టెలు, శవపేటికలు చేసేవాళ్ళు. నూనె తర్వాత వచ్చింది. ఇది నరాలను బిగిస్తుందని ఒక పుస్తకం, చెమట ఆపుతుందని ఇంకొకటి. రాసినవాళ్ళెవరూ డాక్టర్లు కాదు, అదొక్కటి నాకు ఇబ్బందిగా ఉంది. అందుకే ఎరిగినవాళ్ళ మాట ఒకటి చేర్చాలనుకున్నాను. వాడాక నీకెలా ఉందో రెండు ముక్కలు రాసి పంపు. పేరు వేయను. ఉన్నది రాయి చాలు.

మన ఇంట్లో నువ్వు ఎప్పుడూ పొదుపుగా మాట్లాడేవాడివి. అమ్మ నిన్ను గుమ్మం అని పిలిచేది, తొక్కినా పలకడని. ఈసారి కాస్త పలుకు.

అమల


కంకిపాడు,
28 ఆగస్టు 2023

అక్కకు స్తోత్రము.

నువ్వు అడిగినది రాస్తున్నాను. కాళ్ళ వాపు తగ్గింది. ముందు సాయంత్రానికి చీలమండ కనపడేది కాదు, ఇప్పుడు కనపడుతోంది. ఇది నిజం. వేసుకోవచ్చు.

ఫిలిప్ గారూ, ఇరుగుపొరుగూ కూడా తీసుకున్నారు. ఒక సీసా అయిపోయింది, రెండోది సగం ఉంది. వీలుంటే ఇంకొకటి పంపు. లేకపోయినా ఫర్వాలేదు.

కాలువకు నీళ్ళు వదిలారు. నాట్లు అయిపోయాయి.

అంతోని


ఊటీ కొండలు,
20 సెప్టెంబరు 2023

ప్రియమైన అంతోనికి, శాలినికి,

కాగితం అచ్చయింది. ఐదు వందలు వేశారు. ఒకటి దీనితో పెట్టాను. అచ్చులో నా తెలుగు నాకే కొత్తగా ఉంది. నీ మాట కింద వేశాను, చూడు:

"సైప్రస్ తైలం. మధ్యధరా తీరపు చెట్టు. రెమ్మలను ఆవిరిలో ఉడికించి తీసినది. కాళ్ళ వాపు, తేలిన నరాలు, పాదాల చెమట, దగ్గు వంటివాటికి కొబ్బరినూనెలో కలిపి పైపూతగా, లేదా ఆవిరిగా వాడుదురు. విజయవాడలో లేతు పని చేసే ఒకరికి, రోజంతా నిలబడడం వల్ల వచ్చిన కాళ్ళ వాపు దీనిని వాడిన రెండు నెలలలో తగ్గినది."

మదర్ చదివించుకుని, ఆ చివరి వాక్యమే అందరికీ కావలసింది అన్నారు.

ఒక్క సందేహం. చెంచాకు మూడు చుక్కలైతే ఒక సీసా నాలుగు నెలలు రావాలి. ఇరుగుపొరుగు తీసుకున్నా, రెండు నెలల్లో ఒకటిన్నర అయ్యాయి. ఎక్కువ పోస్తున్నారేమో. మూడోది పంపుతున్నాను గానీ ముందు శాలిని ఎలా రాస్తోందో రాయించు. కింద నుంచి పైకేనా?

అమల


కంకిపాడు,
10 అక్టోబరు 2023

వదినగారికి శాలిని నమస్కారాలు.

నేను రాస్తున్నట్టు ఆయనకు తెలియదు. అక్కకి ఏమీ రాయమాక, కొండమీద కూర్చుని బాధపడుద్ది అన్నారు. ఉత్తరం పోస్టులో వేసి వచ్చాక చెబుతాను.

మీరు అడిగారు, కింద నుంచి పైకేనా అని. వదినగారూ, ఆ నూనె మేము ఒక్కరోజు కూడా కాళ్ళకు రాయలేదు. పుణ్యాత్ములైన సిస్టర్ల సమాధుల మీద చెట్లు, మఠం నుంచి వచ్చిన నూనె. పాదాలకు ఎలా పూస్తాం? మీరు మర్యాదకు అలా రాశారు, మనం ఎరిగి నడుచుకోవాలి అని ఫిలిప్ గారు కూడా అన్నారు. రోజూ ప్రార్థన అయ్యాక నుదుటి మీద సిలువ గుర్తు వేసి, రొమ్ము మీద రాస్తున్నాను. పక్కింటి కొండలమ్మ బందరు నుంచి చేపలు తెచ్చి అమ్ముతుంది, వాళ్ళు హిందువులు. ఆమె కూడా మనవరాలికి జ్వరమొస్తే వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఒక్క సుక్క పెట్టమ్మా, సిస్టరమ్మ నూనెకి కులమేంటి?" అంది. కాదనలేకపోయాను. అలా అయిపోయింది.

అసలు సంగతి రాస్తాను. ఆయన జూలై పదిహేను నుంచి పనికి వెళ్ళడం లేదు. వేలి కింద కాలినచోట పుండు పడింది. బసవపున్నయ్య గారే చూసి, "మానేదాకా ఇంటికాడ ఉండు అబ్బాయ్, ఈ ఇనప దుమ్ములో వద్దు" అని పంపించారు. మంచం మీద ఉంటే వాపు తగ్గదా మరి? అదే మీకు తగ్గింది అని రాశారు. పుండు సంగతి రాయలేదు. ఇప్పుడది అరిపాదం దాకా వచ్చింది. అంచులు నల్లబడ్డాయి. గదిలోకి వెళితే మీ నూనె వాసన కంటే అదే ముందు తగులుతోంది. ఆయనకు నొప్పి లేదు. నొప్పి లేదు గదా, ఇంకేంటి అంటారు.

ఊళ్ళో ఆరెంపీ డాక్టరు కట్టు కడుతున్నాడు. ఆయనే వేలు గుచ్చి చూసి షుగరు మూడొందల ఎనభై ఉంది, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమ్మా అన్నాడు. నేను బట్టలు కూడా సర్దాను. ఈయన కదల్లేదు.

"అక్క పంపింది వాడుతుండగా ఆసుపత్రికి పోతే ఏమనుకుంటది? ఆ కాయితంలో నా మాట అచ్చేసింది గదా" అన్నారు.

"కాయితం కాలు మాన్పుద్దా?" అన్నాను.

"నీకు నమ్మకం తక్కువ" అన్నారు. సర్దిన బట్టల సంచి తీసి మూల పెట్టాను.

మీ మూడో సీసా వచ్చింది. ఇప్పుడైనా కాలికి రాయమంటారా? రాస్తే తప్పు కాదా? మీరు ఎలా చెబితే అలా చేస్తాను.

మీ మరదలు
శాలిని


ఊటీ కొండలు,
16 అక్టోబరు 2023

శాలినీ,

ఈ ఉత్తరం అందిన గంటలో ఆసుపత్రికి బయలుదేరండి. మిగతాది దారిలో చదువుకోవచ్చు.

నీ ఉత్తరం మదర్‌కు చదివి వినిపించాను. ఆమె తానే ఫోను తీసి నా చేతికిచ్చారు. నా దగ్గరున్న నంబరుకు మూడుసార్లు చేశాను. వాడుకలో లేదని చెబుతోంది. అందుకే స్పీడు పోస్టులో పంపుతున్నాను.

కాలికి ఏమీ రాయవద్దు. తైలం గానీ, ఆకు పసరు గానీ వద్దు. శుభ్రమైన గుడ్డ చుట్టి తీసుకెళ్ళు.

అంతోనికి ఇది చదివి వినిపించు. ఒరే తమ్ముడూ, అది ప్రార్థించిన నూనె కాదు. దాని మీద ఎవరూ చెయ్యి పెట్టి జపించలేదు. ఆకు, ఆవిరి, అంతే. జామ్ సీసాల పక్కన పెట్టి అమ్ముతాం. నువ్వు ఆసుపత్రికి వెళితే నా మాట తీసేసినట్టు కాదు. వెళ్ళకపోతేనే తీసేసినట్టు. నేను పెద్దదాన్ని, చెబుతున్నాను. లేచి వెళ్ళు.

అమల


కంకిపాడు,
24 నవంబరు 2023

అక్కకు స్తోత్రము.

ఇంటికి వచ్చి ఎనిమిది రోజులైంది. మంచం మీద కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటాయి.

నీ ఉత్తరం అక్టోబరు ఇరవై ఒకటిన వచ్చింది. ఆ రోజే వెళ్ళాం. కొండలమ్మ కొడుకు మణికుమార్ చేపల ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్ళాడు. డాక్టరు గారు కట్టు విప్పి చూసి ఎన్నాళ్ళయింది అని అడిగారు. నాలుగు నెలలన్నాను. ఆయన నన్ను తిట్టలేదు. శాలినిని బయటికి పిలిచి మాట్లాడారు. ముందు వేళ్ళు తీశారు. విషం పైకి పాకిందని వారం తర్వాత మోకాలి కింద దాకా తీసేశారు. ఎడమది.

నువ్వు పంపింది నువ్వు చెప్పినట్టు వాడలేదు. వాడినా ఇది ఆగేది కాదని డాక్టరు గారు చెప్పారు. షుగరు వల్ల పాదంలో స్పర్శ ఎప్పుడో పోయిందట. కాబట్టి నూనె మీద తప్పు లేదు, నీ మీద లేదు. చెప్పనిది నేను. ఆగస్టులో ఫోను నంబరు మారింది, అదీ రాయలేదు. నువ్వు ఎటూ చెయ్యవు గదా అనుకున్నాను.

కాలు ఏం చెయ్యాలి అని ఆసుపత్రిలో అడిగారు. మేము తీసుకెళ్తాం అని శాలిని చెప్పింది. మన సమాధుల తోటలో అమ్మ పక్కన పాతారట. నేను ఆసుపత్రిలోనే ఉన్నాను, తర్వాత చెప్పారు. ఫిలిప్ గారు పుస్తకం తెచ్చుకున్నారుగానీ ఏం చదవాలో తెలియలేదు. "మనిషి బతికున్నాడు. చచ్చినవాళ్ళ ప్రార్థన చదవకూడదు. కాలికి వేరే ప్రార్థన ఇందులో లేదు" అన్నారట. చివరికి పరలోక జపం చెప్పి ఊరుకున్నారు. మట్టి వేసే ముందు శాలిని మూట విప్పమని, మూడో సీసా మొత్తం ఆ పాదం మీద పోసిందట. నాకు శాలిని చెప్పలేదు. మణికుమార్ చెప్పాడు.

బసవపున్నయ్య గారు వచ్చి చూశారు. "చెయ్యి పోతే నేను ఏడ్చేవాణ్ణి అబ్బాయ్. కాలే గదా. లేతుకి కావాల్సింది చెయ్యీ కన్నూ. స్టూలు వేయిస్తా" అన్నారు. బయటికి వెళ్ళాక అరుగు మీద చాలాసేపు కూర్చున్నారు. పెట్టుడు కాలు అమరాక పనికి రమ్మన్నారు. చూడాలి.

ఒకటి అడగాలి. ఆ కాగితంలో నా మాట ఉంది. అది తీసేయించు. వాపు నూనె వల్ల తగ్గలేదు, పనికి పోనందుకు తగ్గింది. ఇది నిజం, వేసుకోవచ్చు అని నేనే రాశాను. ఎవరైనా నాలాంటివాడు చదివి ఇంట్లో కూర్చుంటాడేమోనని ఉంది.

నీ తమ్ముడు
అంతోని


ఊటీ కొండలు,
11 డిసెంబరు 2023

ప్రియమైన అంతోనికి,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను షెడ్డుకు వెళ్ళలేదు. మర్నాడు వెళ్ళాను. రెమ్మలు ఎండిపోతాయి కదా.

తప్పు నీ ఒక్కడిదే అని రాశావు. నేను ఒప్పుకోను. చెప్పు ఊడినా తెలియడం లేదని నువ్వు మే నెలలోనే రాశావు. తురుము కాలినా తెలియలేదని జూలైలో రాశావు. రెండుసార్లూ చదివాను. షుగరు పరీక్ష చేయించు అని ఒక్క ముక్క రాయవలసినదాన్ని డేగిసా గురించి, చెక్క పెట్టెల గురించి రాశాను. కొత్తగా చేతికొచ్చిన పని, దాని గొప్ప నీకు చెప్పాలనిపించింది. వైద్యం ఎరిగినదానిలా రాశాను, ఎరగను. సమాధుల సంగతి రాసేటప్పుడు మన ఊళ్ళో అది ఎలా వింటారో తెలియనిదాన్ని కూడా కాదు. నేను ఆ ఊళ్ళోనే పుట్టాను.

కాగితం విషయం మదర్‌తో మాట్లాడాను. ఐదు వందల్లో మూడు వందల అరవై మిగిలాయి. వాటిని కాల్చేసి కొత్తవి అచ్చు వేయిస్తున్నాం. కొత్తదానిలో నీ వాక్యం ఉండదు. దాని చోట ఇది వేశాను: "కాలిలో స్పర్శ తగ్గినా, పుండు మానకపోయినా ఇది వాడకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. ఇది ప్రార్థించిన నూనె కాదు." చివరి మాట దుకాణం చూసే సిస్టర్‌కు నచ్చలేదు. ఉంచమని మదర్ అన్నారు.

తక్కిన నూట నలభై కాగితాలు, నీకు పంపినది తప్ప, సీసాలతో పాటు వెళ్ళిపోయాయి. ఏ ఊళ్ళకు వెళ్ళాయో రాసి పెట్టుకోలేదు.

ఇకనుంచి తైలం పంపను. అడిగినా పంపను. శాలినికి ఒక పని చెబుతున్నాను. రోజూ పొద్దున వెలుతురులో కుడి పాదం చేతిలోకి తీసుకుని అడుగు, మడమ, వేళ్ళ సందులు చూడమను. నీకు తెలియదు కాబట్టి ఆమె చూడాలి. పాదం పట్టుకోవడానికి మొహమాటపడవద్దను. చూసింది చూసినట్టు నాకు రాయండి. మదర్ ఈ ఏడాదికి నెలకు నాలుగు ఉత్తరాలకు ఒప్పుకున్నారు.

అమల


కంకిపాడు,
4 జనవరి 2024

అక్కకు,

కార్డు మీద రాస్తున్నాను, తొందరగా అయిపోతుందని.

ఈ రోజు పొద్దున శాలిని కుడి పాదం చూసింది. అడుగున ఏమీ లేదు. మడమ బాగుంది. చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య తోలు తెల్లగా చెమ్మగా ఉంది, కందిగింజంత. నాకు తెలియడం లేదు. నొప్పి లేదు.

మణికుమార్ ఆటో గుమ్మం ముందు ఉంది. ఆసుపత్రికి వెళుతున్నాం.

అంతోని